ఆ రోజు ఆయన చూసింది నిజమే

ఆ రెండు వరుసలు మార్చింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పని సంగతులు కూడా రాసుకునే డైరీ ఒకటి ఉంది నాకు, అందులోనూ రాయలేదు. ఆ రోజు పేజీ తీసి చూస్తే "ఎండ ఎక్కువ. మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదు" అని ఉంది. మరుసటి రోజు పేజీలో తేదీ తప్ప ఏమీ లేదు.

ఆయన పోయి రెండు నెలలు దాటింది. పోయిన సోమవారం ఆఫీసులో నాకు కొత్త కంప్యూటరు ఇచ్చారు. పాత ప్రోగ్రాములన్నీ అందులోకి తెచ్చుకోవాలి. ఒక్క కమాండు ఇస్తే వాటికి కావలసిన పనిముట్లన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి దిగుతాయి. తెర మీద ఒక్కొక్క పేరూ పడుతూ పైకి జరిగిపోతూ ఉంటుంది. మధ్యలో ఒక వరుస ఆగింది. ఏ చిరునామా నుంచి తెస్తున్నదో చూపిస్తూ ఆగింది. ఆ చిరునామాలో ఆయన పేరు ఉంది. నాలుగైదు సెకన్లు అలాగే ఉండి, తర్వాత అదీ పైకి జరిగిపోయింది. నేను లేచి మెట్ల దగ్గరికి వెళ్లి, కింద బట్టల అంగడిలో బేరాలు వింటూ కాసేపు నిలబడ్డాను.

ఆ పేరు ఇక్కడ రాయను. ఆఫీసులోనూ ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మా ఓనరు భాయ్ అనేవాడు. నేను సార్ అనేదాన్ని. ఆయన నన్ను పాపా అనేవారు.

మాది ప్రొద్దుటూరులో, అంగడి మేడ మీద, రెండు గదుల ఆఫీసు. నేను మైదుకూరు నుంచి బస్సులో వచ్చిపోతాను. చేరిన మొదటి రోజు నాకు ఒక పని ఇచ్చారు. మేము ప్రోగ్రాములు రాసేది రూబీ అనే భాషలో. ప్రతిదీ మనమే రాసుకోము, ఇతరులు రాసిపెట్టిన పనిముట్లను తెచ్చి కలుపుకుంటాం. వాటిని జెమ్‌లు అంటారు. అలాంటి ఒక జెమ్‌లో ఏం రాసి ఉందో చదివి చెప్పమన్నారు. కాలేజీలో నేర్చుకున్న కమాండు కొట్టాను. అలాంటిదేదీ ఇక్కడ లేదు అని వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. ఎవరినైనా అడగడం నాకు చేతకాదు. బస్సులో కండక్టరును చిల్లర అడగలేక దిగిపోయిన రోజులున్నాయి. రెండు గంటలు ఆ తెరనే చూస్తూ కూర్చున్నాను.

పక్క టేబులు నుంచి ఆయన కుర్చీతో సహా జరిగి వచ్చారు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. తెల్ల చొక్కా, కళ్లద్దాల ఒక కాడకు చుట్టిన నల్లదారం.

"ఏం పాపా, పొద్దున్నుంచి ఒకటే పేజీ చూస్తాండావు?"

"ఆ జెమ్ లేదంటోంది సార్."

"లేకుంటే ప్రోగ్రాం ఎట్ల నడుస్తాంది?" అన్నారు. "ఉండాది. నువ్వు యాడ ఎతుకుతాండావో అది చెప్పు."

చూపించాను. ఆయన నవ్వలేదు.

"ఇది అంగడి సరుకు పెట్టే తావు. అందరికీ ఉండే పెద్ద అంగడి నుంచి వచ్చినవన్నీ ఈడ దిగుతాయి. నువ్వు ఎతికేది అంగడికి రాలే. రాసినోడి ఇంటికే పోయి తెచ్చుకున్నాం. దాన్ని దింపే గది వేరే."

ఆ గది ఎక్కడుందో చూపించారు. గిట్ అనే చోట ఎవరి చిరునామాలో వాళ్లు దాచుకున్న జెమ్‌లను నేరుగా తెచ్చుకుంటే, అవి బండ్లర్ అనే పేరున్న వేరే ఫోల్డరులో దిగుతాయి. ఒక్కొక్క దాని పేరు చివర పన్నెండు అక్షరాల గుర్తు ఉంటుంది. రాసినవాడు ఎప్పుడు ఏ మార్పు చేసినదాన్ని తెచ్చుకున్నామో ఆ గుర్తు చెబుతుంది. గుర్తు ఒకటే అయితే లోపల ఉన్నదీ ఒకటే. బండిల్ ఓపెన్ అని కొట్టి పేరు చెబితే ఆ ఫోల్డరు నేరుగా కళ్ల ముందు తెరుచుకుంటుంది.

"చదువు," అన్నారు. "ఎంతైనా చదువు. ఈడ మాత్రం రాయొద్దు. ఈడ రాసింది నీ ఒక్కదానికే కనపడతాది. ఇంగ ఎవురికీ కనపడదు. మార్చాలనుకుంటే రాసినోడి ఇంట్లో మార్చి, మళ్లా తెచ్చుకో."

ఆయన పెట్టిన నియమం ఇదొక్కటే. మిగతావాటిలో మమ్మల్ని ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఆయనకు చదవడం ఒక జబ్బులాంటిది. పొద్దున్నే వీధి చివరి బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ కట్టించుకుని వచ్చేవారు. తిన్నాక ఆ నూనె కాగితాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి, అందులోని పాత వార్త మొత్తం చదివేవారు. సగంలో చిరిగిపోతే బాధపడేవారు. "ఆ కేసు ఏమాయనో" అని మధ్యాహ్నం దాకా అంటూనే ఉండేవారు. ఆఫీసుకు కొత్త స్టెబిలైజరు వస్తే, పెట్టె లోంచి తీసిన పది నిమిషాలకు దాని మూత ఊడదీసి ఉంది. మా ఓనరు తల పట్టుకున్నాడు.

"భాయ్, అది కొత్తది. చెడిపోలే."

"అందుకే చూస్తాండా. చెడిపోయినాక చూస్తే బాగుండేటప్పుడు ఎట్లుంటదో ఎట్ల తెలుస్తాది?"

కోడ్ చదివేటప్పుడు చూపుడువేలు తెరకు అంటకుండా గాలిలో జరుపుతూ, కింది నుంచి పైకి చదివేవారు. రాసినవాళ్లు ఏ దేశంలో ఉన్నా సరే, ఎదురుగా కూర్చున్నట్టే మాట్లాడేవారు. "ఆఁ, ఇట్ల చేసినావా, శానా తెలివైనోడివే." ఇంకో చోట, "ఏమప్పా, అంత తొందర ఏమొచ్చింది నీకు? పెండ్లికి పోవాల్నా?" తను రాసినదాన్నీ అలాగే చదివేవారు. "ఈడ నిద్రపోయినావు గదయ్యా" అని తనను తానే తిట్టుకునేవారు.

నేను సొరుగులో దాచుకున్న నవలను ఒకసారి చూశారు. అడిగి తీసుకెళ్లి మూడు రోజుల్లో తిరిగి ఇచ్చారు. బాగుందా అని అడగాలనిపించింది కానీ నోరు రాలేదు. ఆయనే అన్నారు. "బాగుంది పాపా. కానీ ఆ పెద్దాయన ఒక దినం మధ్యాన్నం అన్నం రెండు తూర్లు తిన్నాడు. నలభై పేజీలు పోయినాక మళ్లా అదే మధ్యాన్నం తిన్నాడు. రాసినాయప్ప చూసుకోలే." నేను ఆ నవల నాలుగుసార్లు చదివాను. నాకు ఎప్పుడూ కనిపించలేదు.

నాకు మాట రాదని ఆయన త్వరగానే కనిపెట్టారు. అప్పటి నుంచి ఏదైనా అడగాలంటే చిన్న చీటీ మీద రాసి నా కీబోర్డు పక్కన పెట్టేవారు. నేను కింద జవాబు రాసి తిరిగి పెట్టేదాన్ని. మా ఓనరు చూసి ఎగతాళి చేసేవాడు. "ఏంది భాయ్, పరీక్షలో చీటీలు అందిస్తాండారా ఇద్దరూ?"

"నోటితో చెప్పేదాని కంటే చేత్తో చెప్పేది నిజం ఉంటాది లేప్పా," అనేవారు ఆయన.

ఇంకో అలవాటు ఉండేది. పొద్దున రాగానే, ఆ రోజు చూస్తున్న జెమ్ తాలూకు పన్నెండు అక్షరాల గుర్తును పెన్నుతో ఎడమ అరచేతిలో రాసుకునేవారు. సాయంత్రం ఇంటికి పోయేముందు గుప్పిట మూసి, ఆ పన్నెండూ గట్టిగా చెప్పి, తర్వాత గుప్పిట తెరిచి సరిచూసుకునేవారు. చాలా రోజులు అది వేళాకోళం అనుకున్నాను. ఒకనాడు ఆయనే చెప్పారు. జమ్మలమడుగులో వాళ్ల ఇంట్లోనే ఆయన అన్న ఉండేవారు. తన ఇంటి గడప మీదే కూర్చుని, దారిన పోయేవాళ్లను మా ఇల్లు ఎక్కడని అడిగేవారట. "మా నాయన కూడా అట్లే పాయె. ఇంగ నా వంతే. రాకముందే తెలుసుకోవాల గదా, అందుకే దినామూ చూసుకుంటాండా." ఒక్కసారి కూడా ఆయన ఒక్క అక్షరం తప్పడం నేను చూడలేదు.

కువైట్‌లో చాలా ఏళ్లు ఒక విడిభాగాల గోదాములో పనిచేసి, అక్కడే ఈ విద్య నేర్చుకుని వచ్చిన మనిషి ఆయన. కళ్లతో చూసినదాన్ని, చూసిన సంగతి గుర్తున్నదాన్ని తప్ప మరి దేన్నీ నమ్మేవారు కాదు. ఆ నమ్మకాన్నే నేను తీసేశాను.

పులివెందుల దగ్గర కొందరు చీనీ, అంటే బత్తాయి, తోటల రైతులు కలిసి ఒక పైపులైను వేసుకున్నారు. ఒక మోటారు, పది తోటలు. ఎవరి వంతు ఎప్పుడో వాళ్ల ఫోనుకు మెసేజి వెళ్లే ప్రోగ్రాము మేము రాసిచ్చాం. అందులో వంతులు లెక్కగట్టే పనిముట్టు ఆయన సొంతంగా రాసినది. గిట్‌లో తన పేరు మీదే దాచుకున్నారు. పెద్ద అంగడిలో ఎందుకు పెట్టలేదని అడిగితే, "ఆ పది తోటలకు తప్ప ఇంగెవురికి పనికొస్తాది" అన్నారు. అందుకని అది ఎప్పుడూ ఆ రెండో గదిలోనే దిగేది.

ఎండాకాలంలో ఒక ఫిర్యాదు వచ్చింది. ఒకరి వంతు నడుస్తుండగా కరెంటు పోతే, మిగిలిన సమయం వాళ్లకు తర్వాత కలవాలి. ఒక్కోసారి కలవడం లేదు. తప్పు మా ప్రోగ్రాములో ఉందా, ఆయన పనిముట్టులో ఉందా చూడమని నాకు ఇచ్చారు. ఆ పొద్దున ఆయన బ్యాంకు పని మీద బయటికి వెళ్లారు. నేను ఆయన పనిముట్టును తెరిచి చదివాను. తప్పు ఎక్కడుందో అనుమానం వచ్చింది. నిజమో కాదో చూద్దామని, అక్కడే, ఆ ఫోల్డరులోనే, రెండు వరుసలు మార్చి నడిపాను. మిగిలిన సమయం సరిగ్గా కలిసింది. సరే, సార్ వచ్చాక చెబుదాం, ఆయన చిరునామాలోనే మార్పిద్దాం అనుకున్నాను. ఈలోగా మా ప్రోగ్రాములో లెక్కలకు పెట్టుకున్న చెత్త పేర్లు రెండు మూడు మార్చి శుభ్రం చేశాను. భోజనం డబ్బా తెరిచాను. అమ్మ ఫోను చేసింది. తిరిగి కూర్చునేసరికి ఆ రెండు వరుసల సంగతి మనసులో లేదు.

ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు. మా ఓనరు కూడా వచ్చాడు. నడిపి చూపించమన్నారు. చూపించాను. వంతు సరిగ్గా వచ్చింది. ఆయన వంగి, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, ఇంకోసారి నడపమన్నారు. మళ్లీ సరిగ్గా వచ్చింది.

"నువ్వు మార్చింది ఈ పేర్లేనా పాపా? దీనికే సరిపోయిందా?"

అవునన్నట్టు తలూపాను.

"ఎట్ల సరిపోయిందో నాకు తెలీలే," అన్నారు. "చదివి చూస్తా."

"తర్వాత చదువుదువులే భాయ్," అన్నాడు ఓనరు. "కండ్ల ముందర పనిచేస్తాంది గదా. పంపించెయ్ పాపా, ఆడ తోటలు ఎండుతాండాయి."

పంపించేశాను. రైతులకు మెసేజిలు పంపే అసలు సర్వరు మీదికి మా ప్రోగ్రాము వెళ్లింది. ఆయన పనిముట్టు మాత్రం ఆయన చిరునామా నుంచి, పాతది ఉన్నది ఉన్నట్టే వెళ్లింది. నేను మార్చిన రెండు వరుసలు నా కంప్యూటరులోనే ఉండిపోయాయి. ఇంతవరకు జరిగింది పొరపాటే.

వారం తిరక్కముందే పులివెందుల నుంచి రైతుల పెద్ద ఫోను చేశాడు. ఓనరు ఫోను గట్టిగా పెట్టాడు, అందరం విన్నాం.

"ఏందప్పా మీ మిషను? కడ తోట ఆయమ్మకు రెండు వంతులు పోయినాయి. పిందె రాల్తాంది. మీ మెసేజి నమ్మి, నీ వంతు అయిపోయిందిలే పోమ్మా అని నేను ఆయమ్మను కసురుకుంటి. ఇప్పుడు ఆ తోటలోకి పోవాలంటే నాకు మొగం చెల్లడంలే."

"కాదప్పా," అన్నారు ఆయన, ఫోను దగ్గరికి వంగి. "నేను చూసినా. ఈ కండ్లతో రెండు తూర్లు చూసినా. పనిచేసింది."

తన కంప్యూటరులో నడిపి చూశారు. తప్పుగా వచ్చింది. అరచేయి చూసుకున్నారు. నా తెర మీది గుర్తు చూశారు. పన్నెండు అక్షరాలూ ఒకటే. "గుర్తు ఒకటే. లోపల ఉండేదీ ఒకటే. నీ దాంట్లో సరిగ్గా వచ్చె, నా దాంట్లో రాకపాయె. రేపు పొద్దున నీ కాడ కూర్చోని మొదటి నుంచి చదువుదాం పాపా," అని వెళ్లిపోయారు. ఆ మాటలో కోపం లేదు. రేపటి పని కోసం కొంచెం ఉత్సాహం కూడా ఉంది.

బస్సు చాపాడు దాటుతుండగా నాకు ఆ రెండు వరుసలు గుర్తొచ్చాయి.

రేపు ఆయన ఆ ఫోల్డరు తెరుస్తారు. రెండు వరుసలు చూస్తారు. రాయొద్దన్న ఒక్క చోటే నేను రాసినట్టు తెలుస్తుంది. ఓనరు అరుస్తాడు. కడ తోట ఆయమ్మ పిందెలు నా వల్లే రాలాయని అందరికీ తెలుస్తుంది. చెప్పాల్సింది ఒక్క వాక్యమే. ఆ వాక్యాన్ని మనసులో ఎన్నిసార్లు కూర్చుకున్నా నోట్లోకి రాలేదు. చీటీ మీద రాసి పెట్టొచ్చని కూడా తట్టింది. ఆయన ఆ దారి నాకోసమే వేసిపెట్టారు. అయినా రాయలేదు.

మరునాడు అందరికంటే ముందు బస్సు ఎక్కి వచ్చాను. ఆఫీసు ఊడ్చే ఆమె అప్పుడే తాళం తీస్తోంది. కంప్యూటరు పెట్టి ఒక కమాండు కొట్టాను. బండిల్ ప్రిస్టీన్ అంటారు దాన్ని. తెచ్చుకున్న పనిముట్లలో మనం చేసిన మార్పులన్నీ తుడిచి, వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలా చేసేస్తుంది. ఒక్క నిమిషం పట్టలేదు.

ఆయన వచ్చారు. అరచేతిలో గుర్తు రాసుకున్నారు. నా పక్కన కూర్చుని నడపమన్నారు. తప్పుగా వచ్చింది.

"ఇంగోతూరి."

మళ్లీ తప్పే.

ఫోల్డరు తెరవమన్నారు. వేలు గాలిలో జరుపుతూ కింది నుంచి పైకి ప్రతి వరుసా చదివారు. అంతా తను రాసినట్టే ఉంది. ఆ రోజు చదువుతూ ఎవరినీ మెచ్చుకోలేదు, ఎవరినీ తిట్టలేదు, తనను కూడా. కళ్లద్దాలు తీసి టేబులు మీద పెట్టారు. తర్వాత తన టేబులు దగ్గరికి వెళ్లి, ఒక చీటీ రాసి తెచ్చి నా కీబోర్డు పక్కన పెట్టారు.

"మొన్న మనం చూసినప్పుడు సరిగ్గా వచ్చింది గదా?"

నేను దాని కింద రాశాను. "సరిగ్గా గుర్తు లేదు సార్."

ఆయన ఆ చీటీ చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఓనరు పక్క గది నుంచి తొంగి చూశాడు. "ఏమాయె భాయ్?"

"నేనే తప్పు చూసినట్టుండా," అన్నారు.

"వయసాయె గదా భాయ్, ఏముందిలే." ఓనరు మంచివాడే. ఓదార్పుగానే అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన గుప్పిట మూసి చెప్పలేదు. చేయి కడుక్కుని వెళ్లిపోయారు.

మర్చిపోయింది నేను. మతిమరుపు ఆయన పాలయింది. తర్వాతి రోజుల్లో ప్రతి చిన్నదానికి సాక్ష్యం వెతుక్కోవడం మొదలుపెట్టారు. "ఫ్యాను నేనే గదా వేసింది?" "టీ తాగినానా నేను?" కూర్చున్నవాళ్లు నవ్వుతూ జవాబు చెప్పేవాళ్లు. నేను నవ్వలేక, చెప్పలేక, తెరలోకి చూస్తూ ఉండేదాన్ని. తను రాసిన పనిముట్టును మళ్లీ మళ్లీ తెరిచేవారు. తప్పు ఎదురుగానే ఉంది. రెండు వరుసలు. ఆయన చూపుకు అందనిది కాదది. కానీ అప్పటికి ఆయన వెతుకుతున్నది తప్పును కాదనుకుంటాను. ఆ మొన్నటి మధ్యాహ్నాన్ని వెతుకుతున్నారు.

నెల తిరక్కముందే ఓనరుకు లాప్‌టాప్ తిరిగి ఇచ్చేశారు. "మీకు నష్టం చెయ్యకముందే పోతానప్పా," అన్నారు. ఓనరు ఉండమన్నాడు, గట్టిగానే అన్నాడు. ఉండలేదు. పోయేముందు గిట్‌లోని తన చిరునామాకు తాళాలు నాకు ఇచ్చారు. "నువ్వు చూసుకుంటావులే పాపా, నీకు చదివే ఓపికుంది."

ఆయన వెళ్లిన నాలుగో రోజు ఆ రెండు వరుసలు పద్ధతి ప్రకారం ఆయన చిరునామాలో మార్చాను. సర్వరు మీద సరిగ్గా వచ్చింది. పులివెందుల పెద్ద ఫోను చేసి, ఇప్పుడు బాగుందన్నాడు. ఓనరు అందరి ముందూ అన్నాడు, "భాయ్ నెల దినాలు ఎతికినా దొరకంది, ఈ పిల్ల మూడు దినాల్లో పట్టుకునింది." సాయంత్రం అందరికీ బజ్జీలు తెప్పించాడు. నేను తిన్నాను. అది కూడా డైరీలో లేదు.

ఆయన పోయినప్పుడు ఓనరూ నేనూ జమ్మలమడుగు వెళ్లాం. మధ్యాహ్నం నమాజుకు పోయి వచ్చి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. గుండె. ఆయన భార్య లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"కడప డాక్టరు అన్ని పరీక్షలు చేసి ఏమీ లేదన్నాడమ్మా," అంది. "బుర్ర బంగారంలెక్క ఉందన్నాడు. ఈయన నమ్మలే. ఆ పొద్దు గూడా, పాలోడు రెండు దినాలు రాలేదని, ఏయే దినాలో ఈయనే చెప్పె. అట్లాంటి మనిషి ఇంట్లోంచి కాలు బయట పెట్టాలంటే దావ మర్చిపోతానేమోనని భయపడె. ఏమైందయ్యా నీకు అంటే, కండ్లారా చూసింది లేకుండా పోయింది, ఇంగ దేన్ని నమ్మాల అనె."

ఆమె నా చేయి వదలలేదు. నేను కూడా తీసుకోలేకపోయాను.

ఆ ఇంటికి నేను అంతకుముందు ఒక్కసారే వెళ్లాను. ఆయన ఉద్యోగం మానేసిన మూడో నెల, ఒక ఆదివారం. చెప్పేయాలనే వెళ్లాను. ఇంట్లో స్నేహితురాలి పెళ్లిచూపులని అబద్ధం చెప్పాను. ప్రొద్దుటూరులో బస్సు మారి, దారి పొడవునా ఒకే వాక్యం మనసులో అనుకుంటూ పోయాను. "సార్, ఆ రోజు మీరు చూసింది నిజమే, మార్చి తుడిచేసింది నేను." బస్సు హారను కొట్టినప్పుడల్లా తెగిపోయేది, మళ్లీ మొదటి నుంచి అనుకునేదాన్ని.

గడప మీద ఆయన అన్న కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవబోయారు.

"ఏమ్మా, ఈడ మా ఇల్లు యాడుందో తెలుసునా నీకు?"

"ఇదే పెద్దాయనా," అన్నాను, ఆయన వెనక తలుపు చూపించి.

"ఇది కాదులేమ్మా," అన్నారాయన, మర్యాదగా.

లోపలి నుంచి సార్ వచ్చారు. చిక్కిపోయి ఉన్నారు. గడ్డం పెరిగింది. నన్ను చూసి నిజంగా సంతోషపడ్డారు. "మా అన్న ఇంత దూరం రావడానికి పదేండ్లు పట్టింది పాపా. నేను బిరీన వచ్చేస్తానేమో," అని నవ్వారు. ఆయన భార్య టీ తెచ్చింది. చాలాసేపు ఆయనే మాట్లాడారు. ఏం చదువుతాండావు, మీ అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది, ఓనరు ఇప్పుడన్నా కొత్త కుర్చీలు కొన్నాడా. నేను ఒక్కొక్క మాటతో జవాబు చెప్పాను. టేబులు మీద ఒక నోటు పుస్తకం తెరిచి ఉంది. గంటలు, నిమిషాలతో సహా రాసుకున్నారు. గ్యాసు కట్టేసినా. తలుపు ఏసినా. అన్నకు అన్నం పెట్టినా. తిన్నాడు. చేతిరాత అదే, కోడ్ రాసినంత శుభ్రంగా ఉంది. మేము కూర్చుని ఉండగానే పెన్ను తీసి, "పాప వచ్చింది" అని రాసి, పక్కన టైము వేశారు.

ఆ పుస్తకం చూశాక నా వాక్యం నాకు మళ్లీ దొరకలేదు.

బస్టాండు దాకా నాతో నడిచి వచ్చారు. భార్య వద్దంటే, "పాప ఉంది గదా, దావ తప్పితే చెప్తాదిలే" అన్నారు. దారిలో ఎక్కడా తప్పలేదు. అడ్డదారులు కూడా తెలుసు. ప్రొద్దుటూరు బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన కిటికీ ఊచ పట్టుకుని కింద నిలబడ్డారు.

"పాపా, ఒక మాట అడుగుతా. ఏమనుకోవద్దు. ఆ పొద్దు మధ్యాన్నం నీ కంప్యూటర్లో వంతు సరిగ్గా వచ్చిందా, రాలేదా? నువ్వు ఆడే ఉంటివి గదా. వచ్చింటే వచ్చిందను, రాకుంటే రాలేదను. ఏదైనా పర్వాలే నాకు. తెలిస్తే సాలు."

బస్సు ఇంజను శబ్దానికి కిటికీ అద్దం అదురుతోంది. చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. డ్రైవరు ఇంకా టీ కొట్టు దగ్గరే ఉన్నాడు. ఆయన కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. మామూలుగా తెరను చదివినట్టే, కింది నుంచి పైకి చదువుతున్నట్టు.

"గుర్తు తెచ్చుకుని చెప్తాను సార్," అన్నాను.

ఆయన తలూపారు. డ్రైవరు వచ్చి ఎక్కాడు. బస్సు కదిలింది. ఆయన ఊచ వదిలి, నాలుగడుగులు బస్సుతో పాటు నడిచారు.

"నిదానంగా గుర్తు తెచ్చుకో పాపా, తొందరేం లేదు. నువ్వు చెప్పేటప్పటికి నేను అడిగిన సంగతే నేను మర్చిపోయింటే, నువ్వే గుర్తు జేసి చెప్పు."